ఆయిల్ ఫినిష్ అని చెప్పి వేసిన పూత పెచ్చులూడితే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: విశాఖపట్నంలో మా సొంత ఇంటి డాబా మీద గత సంవత్సరం మార్చిలో టేకు పలకలతో డెక్ వేయించాము. హైదరాబాదుకు చెందిన కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్‌లో మొత్తం 2,85,000 రూపాయలు ఉండగా, అందులో ‘ఆయిల్ ఫినిష్, 3 సంవత్సరాల గ్యారంటీ’ కింద 42,000 చూపారు. వానాకాలం దాటేసరికి పూత పెచ్చులుగా లేచి, కింద చెక్క నల్లబడింది. అడిగితే, ఆరు నెలలకొకసారి నూనె పెట్టుకోకపోవడం మా తప్పేనని అంటున్నారు. మేము వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. అయితే మీ కేసు బలం గ్యారంటీ కాగితంలో కన్నా ఊడిన ఆ పెచ్చులోనే ఎక్కువగా ఉంది కాబట్టి, ముందు దాని సంగతి చెబుతాను.

అవిసె నూనె కానీ, టంగ్ ఆయిల్ కానీ, వాటి ఆధారంగా తయారుచేసి అమ్మే డెక్ ఆయిల్ కానీ చెక్క లోపలికి ఇంకే రకాలు. ఎండకు, వానకు వాటి ప్రభావం తగ్గి చెక్క క్రమంగా బూడిదరంగుకు తిరుగుతుంది తప్ప, సరిగా పెట్టిన నూనె పెచ్చులుగా లేవదు. అలా లేచేవి వార్నిష్, పీయూ (పాలీయురేథేన్) పాలిష్ వంటి, చెక్క మీద పొరగా గట్టిపడే పూతలు. పలకల సందుల్లోంచి నీరు ఆ పొర కిందికి చేరి, చెక్క ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటే పొర పట్టు వదిలేస్తుంది. ఎక్కువైన నూనెను తుడవకుండా వదిలేస్తే అది కూడా పైన జిగటగా పేరుకుని తొక్క కడుతుందని ఎదుటి న్యాయవాది వాదించవచ్చు. వాదించనివ్వండి, తుడవకపోవడం కూడా పనివారి లోపమే. ఇక ‘నూనె పెట్టుకోలేదు’ అన్న సమాధానం, అక్కడ ఉన్నది నూనె పూతే అయితేనే నిలుస్తుంది, ఎందుకంటే గట్టిపడిన పొర మీద ఎంత నూనె పోసినా చెక్కలోకి ఇంకదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, ఒకటి చేస్తామని ఒప్పుకుని మరొకటి చేయడం సేవాలోపం కిందికి వస్తుంది. సరైన పరీక్ష ఆధారం లేకుండా వస్తువు మన్నికకు గ్యారంటీ ఇవ్వడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. సముద్రపు గాలి, ఎండ, వాన తగిలే డాబా మీద నూనె పూతకు, నిర్వహణ ఊసే లేకుండా మూడేళ్ల గ్యారంటీ రాసిచ్చారంటే ఈ నిబంధనను తప్పక ప్రస్తావించాలి. మీకు అందిన కాగితాల్లో ఎక్కడైనా ‘ఆరు నెలలకొకసారి నూనె పెట్టాలి’ అని ఉంటే మాత్రం దాన్ని దాచకుండా మీ న్యాయవాదికి చూపండి. చెక్క కేవలం బూడిదరంగుకు మారిన చోట్ల పరిహారం కోరవద్దని నా సలహా. అది యజమాని నిర్వహణ కిందికి వచ్చేదే, దాన్ని కలిపితే బలమైన వాదన కూడా పలచబడుతుంది.

ఈలోగా డెక్‌ను సాండ్ పేపర్‌తో రుద్దించవద్దు, కొత్త నూనె పెట్టించవద్దు. తేదీ తెలిసేలా దగ్గరి నుంచి ఫోటోలు తీసి, బొటనవేలి గోరంత పెచ్చులు నాలుగైదు వేర్వేరు పలకల నుంచి తీసి కవర్లలో పెట్టి, ఏది ఏ పలకదో రాయండి. పరీక్ష లేకుండా లోపం తేలదని కమిషన్ భావిస్తే, సెక్షన్ 38 కింద నమూనాను సీలు చేయించి ప్రయోగశాలకు పంపగలదు; ఆ ఖర్చును మొదట మీచేతే కట్టించవచ్చు. వాట్సాప్ సంభాషణలను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయడం మంచిది.

ఫిర్యాదుకు గడువు, కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలు. పెచ్చులు లేచిన రోజు నుంచి లెక్కించవచ్చు కానీ, వివాదానికి తావు లేకుండా పని పూర్తయిన మార్చి నుంచే లెక్కవేసుకోండి. కాంట్రాక్టరు హైదరాబాదులో ఉన్నా, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటలేదు కనుక ఫీజు ఉండదు. ముందుగా లాయరు నోటీసు ఇవ్వాలని చట్టం నిర్బంధించకపోయినా, పదిహేను రోజుల గడువుతో ఒకటి పంపితే ఎదుటివారు రాతపూర్వకంగా ఏమంటారో తెలుస్తుంది. ఆ డాబాను పార్టీలకో, హోమ్‌స్టేకో అద్దెకిస్తున్నట్లయితే వాణిజ్య అవసరానికి చేయించుకున్నవారు వినియోగదారు కారన్న అభ్యంతరం వస్తుంది, ఆ సంగతి మీ న్యాయవాదికి ముందే చెప్పండి.

ఎంత అడగాలన్నది మరొక మాట. పలకలు గట్టిగా ఉన్నంతవరకు 2,85,000 మొత్తాన్ని తిరిగి ఇమ్మనడం కమిషన్‌కు అతిగా కనిపిస్తుంది. పూతకు ఇచ్చిన 42,000, పాత పొరను చెక్క బయటపడేవరకు తీయించడానికి అయ్యే ఖర్చు (మరో ఇద్దరు మేస్త్రీల నుంచి కొటేషన్లు తీసుకోండి), మానసిక వేదనకు, కేసు ఖర్చులకు కొంత పరిహారం కోరితే చాలు.

నోటీసు అందాక కాంట్రాక్టరు మళ్లీ చేసిపెడతానంటే, రాజీ పత్రంలో వివరాలు రాయించండి. పాత పొర పూర్తిగా తీయాలి, చెక్క బాగా ఆరాకే నూనె పెట్టాలి, ఎండను కొంత అడ్డుకునే రంగు కలిసిన డెక్ ఆయిల్ పేరు, ఎన్నిసార్లు పూత వేయాలి, ప్రతి పూత తరువాత మిగులు నూనె తుడవడం, తరువాతి నూనె ఎప్పుడు, ఎవరి ఖర్చుతో అన్నవన్నీ ఉండాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి కాబట్టి, వాటిని విడివిడిగా పరచి ఆరబెట్టే బాధ్యత పనివారిదేనని కూడా అందులో రాయించండి.