పాత రాతి ఇల్లు కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్స్ పల్లెలో రాతి కాటేజీ కొన్నావనీ, గోడల్లో చెమ్మ కనిపించేసరికి ఒక కాంట్రాక్టరు దర్జులన్నీ, అంటే రాళ్ల మధ్య అతుకులన్నీ, సిమెంటుతో పూడ్చి, లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరు వేస్తానన్నాడనీ రాశావు. అతనికి అడ్వాన్సు ఇవ్వకు. ముందు ఒక ఆదివారం బైబరీ అనే ఊరు వెళ్లి, కోల్న్ నది పక్కనున్న ఆర్లింగ్టన్ రో అనే పాత రాతి ఇళ్ల వరసను చూసి రా.

1380 ప్రాంతంలో ఉన్ని గోదాముగా కట్టిన ఆ వరసను 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. ఎదురుగా ఉన్న తడినేలలో చట్రాల (ర్యాక్‌ల) మీద ఉన్ని ఆరవేసేవారు కనుక దానికి ర్యాక్ ఐల్ అనే పేరు నిలిచింది. అక్కడ ఫోటోలు తీసేవాళ్ల మధ్య నిలబడి, నువ్వు మాత్రం కప్పును చూడు. చూరు దగ్గర వెడల్పైన రాతి పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర అరచేతిని కాస్త మించినవి కనిపిస్తాయి. వాననీరు ఎక్కువగా చేరేది చూరు దగ్గరే కాబట్టి అక్కడ అతుకులు తక్కువగా ఉండాలి, పెద్ద పలకల బరువును కూడా కింది గోడే మోయాలి. గరుకు రాయి ఒకదానిమీద ఒకటి నున్నగా కూర్చోదు. సందుల్లోకి నీరు ఎగదన్నకుండా జారిపోవడానికే కప్పు అంత ఏటవాలుగా ఉంటుంది. ఈ పలకలను పూర్వం ఓక్ కొయ్య చీలలతో కప్పు కింది అడ్డ కర్రబద్దలకు వేలాడదీసేవారు. పలక జారిందంటే చాలాసార్లు పుచ్చింది చీలే కాని రాయి కాదు, కాబట్టి పాత పలకలను ఎవరినీ పట్టుకుపోనివ్వకు.

ఇక గోడ సంగతి. ఇటువంటి ఇళ్లలో సాధారణంగా రెండు వరసల రాయి, మధ్యలో రాళ్ల ముక్కలతో సున్నమో మన్నో ఉంటాయి. నేల చెమ్మను ఆపే పొర ఉండదు. సున్నపురాయి నీరు పీల్చుకుంటుంది, ఆ నీరు మెత్తని సున్నపు దర్జుల గుండా బయటికి ఆరిపోతుంది. సిమెంటు పెట్టి దర్జు రాయికంటే గట్టిపడితే ఆ దారి మూసుకుపోయి, తడి రాతిలోనే నిలిచి, చలికాలంలో గడ్డకట్టి రాతి ముఖాన్ని పగలగొడుతుంది. ఈ దేశం వచ్చిన కొత్తలో నేనే ఒక ఇంటికి ఈ పని చేయించాను. రెండు చలికాలాలు గడిచేసరికి రాయి అప్పడంలా పొరలు పొరలుగా రాలి లోపలికి పోయింది, సిమెంటు దర్జులు మాత్రం తేనెపట్టు గదుల అంచుల్లా ముందుకు పొడుచుకొచ్చి నిలిచాయి. ఆ ఇంటివాళ్ల ముఖం చూడలేకపోయాను.

కాబట్టి చెమ్మకు మందు వెతికే ముందు కారణం వెతుకు. బయటి నేల లోపలి గచ్చుకంటే ఎత్తుగా పేరుకుందా, తూముల్లో ఆకులు అడ్డుపడ్డాయా, కిటికీల పైనుండే రాతి చూరుపట్టీ విరిగి నీరు గోడ మీదికే కారుతోందా అన్నవి చూడు. ఈ మూడూ సరిచేస్తే చాలా ఇళ్లలో సగం చెమ్మ దానంతటదే పోతుంది. పాత సిమెంటును ఉలితో తేలిగ్గా ఊడినంతవరకే తీయించు, గ్రైండరు పెడితే రాతి అంచులు పోతాయి. కొత్త దర్జులు సిమెంటు కలపని సున్నంతో, మంచు పడని నెలల్లో వేయించి, తడి గోనెపట్టాలు కప్పి నిదానంగా ఆరనివ్వు.

నీ ఇల్లు లిస్టెడ్ భవనమేమో, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వ జాబితాకెక్కిందేమో, ముందు కనుక్కో. అయితే దాని రూపు మార్చే పనికి స్థానిక కౌన్సిల్ అనుమతి తప్పనిసరి, అది లేకుండా చేయడం ఇక్కడ నేరం. అంతకు ముందున్నవారు అనుమతి లేకుండా చేసిన మార్పులను సరిచేయమని నిన్ను అడగవచ్చు కూడా. అటకలో గబ్బిలాలుంటే వాటికీ చట్టరక్షణ ఉంది కనుక, కప్పు విప్పే ముందు ఒకసారి చూపించు.

నాలుగు గోడల పక్కనా బయటి నేల, లోపలి గచ్చుకంటే ఎన్ని అంగుళాలు ఎత్తుందో టేపుతో కొలిచి పంపు. ఆ అంకెలు వచ్చాక కాంట్రాక్టరుకు ఏం చెప్పాలో రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య