దీర్ఘమా, ప్లుతమా, గుక్కా?

సందేహం: మా నాలుగేళ్ల మనవడిని స్పీచ్ థెరపిస్టుకు చూపించాం. వాడిచేత ‘ఆ...’ అనిపించి, ‘దీర్ఘం ఆరు సెకన్లు తీశాడు, ఈ వయసుకు పర్వాలేదు’ అన్నారు. దీర్ఘమంటే రెండు మాత్రలే కదా! ఆరు సెకన్లది దీర్ఘమెలా అవుతుంది? ప్లుతం అనాలా?

సమాధానం: వ్యాకరణం లెక్కన రెండూ కాదు. మాత్ర అంటే అచ్చు పలికే నిడివికి కొలత. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ప్లుతానికి మూడు అన్న లెక్క సంస్కృత వ్యాకర్త పాణిని నాటిది. కోడికూతలో ‘ఉ’కారం ఈ మూడు నిడివుల్లోనూ వినిపిస్తుంది కాబట్టే ఈ నిడివులు చెప్పే సూత్రంలో ఆయన ఆ అచ్చును పట్టుకున్నాడంటారు. ‘పాణినీయ శిక్ష’ అనే ఉచ్చారణ గ్రంథంలోనైతే పాలపిట్ట కూత ఒక మాత్ర, కాకిది రెండు, నెమలిది మూడు, ముంగిసది అర. గడియారం లేనప్పుడు ఇంతకన్నా మంచి కొలత ఏముంటుంది!

కానీ మాత్రకు సెకన్ల లెక్క లేదు. గబగబా మాట్లాడితే తగ్గుతుంది, నింపాదిగా మాట్లాడితే పెరుగుతుంది. ‘మెడ’ పక్కన ‘మేడ’ పెడితే తేడా తెలియాలి, అంతే. దూరాన ఉన్నవాళ్లను ‘ఓ అన్నా...’ అని పిలిచినప్పుడు సాగేది ప్లుతం. అదీ మాటలో భాగమే. మీ మనవడి ‘ఆ’ ఏ మాటలోనూ లేదు, కాబట్టి దానికి మాత్రల లెక్క వర్తించదు.

అక్కడ కొలిచింది ఊపిరిని, అంటే గుక్కను. నిండా గాలి పీల్చి, ఒకే అచ్చును ఆపకుండా ఎంతసేపు అనగలరో చూస్తారు. సాధారణంగా మూడుసార్లు అనిపించి, ఎక్కువసేపు సాగినదాన్ని తీసుకుంటారు. నాలుగేళ్ల వయసులో ఐదారు సెకన్లు మామూలే. పదేళ్లు వచ్చేసరికి సుమారుగా పది దాటుతుంది. పెద్దవాళ్లలో పదిహేను నుంచి పాతిక, మగవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. ఊపిరితిత్తులు పెరగడం ఒక్కటే దీనికి కారణం కాదు. గాలిని ఒక్కసారిగా వదిలేయకుండా కొంచెం కొంచెంగా వదులుతూ, గొంతులో శబ్దం పుట్టించే స్వరతంత్రులను సరిగ్గా దగ్గరగా ఉంచడం నేర్చుకోవాలి. పసివాళ్లకు అదే కష్టం. పైగా మధ్యలో నవ్వొస్తుంది, లేదా విసుగేసి ఆపేస్తారు. ఆరు సెకన్లన్నది ఆ పూట వాడి మూడ్ కూడా కావచ్చు.

మాటల్లోని అచ్చులు మాత్రం ఇందుకు ఎదురు నడుస్తాయి. చిన్నపిల్లలు మాటను నెమ్మదిగా పలుకుతారు కాబట్టి వాళ్ల అచ్చులు మనకన్నా సాగుతాయి, ఒకసారి ఉన్నంత ఇంకోసారి ఉండవు. ఎదిగేకొద్దీ అవి పొట్టివై కుదురుకుంటాయి. అంటే వయసుతో గుక్క పెరుగుతుంది, మాటలోని అచ్చు తగ్గుతుంది. రెంటినీ ‘దీర్ఘం’ అంటే ఈ తేడా తెలియకుండా పోతుంది.

అలాగని థెరపిస్టు మాట తప్పని నేననను. ‘ఏంటా దీర్ఘాలు?’ అని మనమూ అంటూనే ఉంటాం, అప్పుడెవరూ మాత్రలు లెక్కపెట్టరు. రాతలోకి వస్తే మాత్రం ‘గుక్క నిడివి’ అనడం మేలు. ‘ఒకే గుక్కలో’ అన్నప్పటి గుక్కే ఇది. ‘గుక్కపట్టాడు’ అని మాత్రం రాయకండి, వాడు ఏడ్చాడనుకుంటారు.