పిచ్చి అనే ముందు ఆ నోట్‌బుక్ చదవండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది. ఎప్పుడు చూసినా అమెరికన్ సూపర్‌హీరో కామిక్సే. ఆ పాత్రలు కాలాన్ని బట్టి ఎలా మారాయో నోట్‌బుక్ నిండా రాసుకుంది. కామిక్స్ రచయితనవుతానంటోంది. క్యారెక్టర్ డిజైన్ డిప్లొమా మేలా, సాహిత్యంలో పీజీ మేలా? అసలు ఈ పిచ్చి వదిలేదెలా? (కొన్ని పేజీలు స్కాన్ చేసి పంపుతున్నాను.)

జవాబు: మీ అసలు ప్రశ్న చివరిదే. కోర్సుల పేర్లు మారుతుంటాయి కానీ, పిల్లల జీవితం ఏమైపోతుందోనన్న ఈ టెన్షన్ ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. మీ అమ్మాయికి ఏమీ కాదు. మీరు పంపిన పేజీలు చదివాకే ఈ మాట అంటున్నాను.

ఒక పేజీలో 1938 నాటి మొదటి సూపర్‌మ్యాన్ కథ గురించి రాసింది. మరణశిక్ష పడిన నిరపరాధిని కాపాడటానికి అతను గవర్నర్ ఇంట్లోకే దూసుకెళ్తాడు. భార్యను కొట్టేవాడి పని పడతాడు. ఎక్కడా సందేహించడు. పక్క పేజీలో 1963 నాటి స్పైడర్‌మ్యాన్. ఇంటి అద్దె కట్టాలి, చేతిలో చెక్కుంది, కానీ అది స్పైడర్‌మ్యాన్ పేరు మీద ఉంది. గుర్తింపు చూపించమంటే ఒంటిమీది డ్రెస్సు చూపిస్తాడు. డ్రెస్సు ఎవరైనా వేసుకోవచ్చంటాడు బ్యాంకు గుమస్తా. దాని కింద మీ అమ్మాయి రాసుకున్నది: "ఇక్కడ విలన్ అద్దె."

అంతటితో ఆగలేదు. 1954లో వచ్చిన కామిక్స్ కోడ్‌ను, అంటే కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమావళిని కూడా పట్టుకుంది. అధికారులను చులకన చేయకూడదు, ప్రతిసారీ మంచే గెలవాలి అన్న నియమాల కింద హీరోలు ఎంత బుద్ధిమంతులైపోయారో రాసింది. 1971లో డ్రగ్స్ గురించిన స్పైడర్‌మ్యాన్ కథ కోడ్ ముద్ర లేకుండానే వచ్చిందనీ రాసింది. దీన్ని పిచ్చి అంటారా? పేజీలన్నీ స్కాన్ చేశారే, ఒక్కటైనా చదివారా? చదివి ఉంటే ఆ మాట మీ నోట వచ్చేది కాదు. దయచేసి ఆమె ముందు ఇంకోసారి అనకండి.

ఇక డిప్లొమా. ఇప్పుడు అందరూ దాని వెంటే పడుతున్నారు, నాకు మాత్రం గట్టి అనుమానమే. నేను చూసిన చాలా పోర్ట్‌ఫోలియోల్లో అవే కండలు, అదే కోపం, అదే లైటింగ్. ఆ మనిషికి ఏం కావాలి, దేనికి భయపడతాడు అని అడిగితే జవాబు ఉండదు. కామిక్స్‌లోనూ ఇదే జరిగింది. 1986లో 'వాచ్‌మెన్', 'ది డార్క్ నైట్ రిటర్న్స్' హీరో అనేవాడినే ప్రశ్నించాయి. తొంభైల్లో వాటిని అనుకరించిన చాలామంది ప్రశ్నను వదిలేసి చీకటిని, తుపాకులను తీసుకున్నారు. బొమ్మ గీయడమే ఇష్టమైనవాళ్లకు ఆ కోర్సు వేరే సంగతి. మీ అమ్మాయి రాస్తానంటోంది.

సాహిత్యం పీజీ చేసినంత మాత్రాన రచయిత అయిపోరు. కానీ చదువు పదునెక్కుతుంది, ఎడిటింగ్, బోధన దారులు తెరిచే ఉంటాయి. నా సలహా అదే.

మీరు నిజంగా పట్టించుకోవాల్సింది హక్కుల సంగతి. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో 130 డాలర్లకు హక్కులు రాసిచ్చేశారు. ఇవాళ్టికీ పెద్ద కంపెనీలకు రాసిన పాత్రలు మామూలుగా కంపెనీవే. అందుకే సొంత పాత్రతో ఎనిమిది పేజీల కథ ఒకటి ఇప్పుడే మొదలుపెట్టమనండి. బొమ్మలు వేసే స్నేహితులెవరైనా ఉంటే ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోమనండి. పూర్తయ్యాక నాకు పంపించండి, ఈసారి మీరు చదివాకే.