షెడ్డు మాని ఐటీఐలో చేరితే 30,000 కట్టాలా?

సందేహం: మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. మా అబ్బాయికి పదహారేళ్లు. పది పాసయ్యాక పని నేర్చుకోమని బైకుల షెడ్డులో పెట్టాను. ఏడాదైంది. అక్కడ ఓనరు కాక మరో ఇద్దరే ఉంటారు. వాడు ఉదయం 8కి వెళ్తే రాత్రి 9 దాటుతుంది. నెలకు 1,500 ఇస్తారు. చేరేటప్పుడు స్టాంపు పేపరు మీద నా సంతకం తీసుకున్నారు. అది ఒడియాలో ఉంది, నాకు చదవడం రాదు. ఇప్పుడు వాడు ఐటీఐకి వెళ్తానంటే, మూడేళ్లు నిండకుండా మానితే 30,000 కట్టాలంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఐటీఐ దరఖాస్తు వేయించండి. ఈ కాగితానికి భయపడి అడ్మిషన్ గడువు దాటనివ్వొద్దు.

ఓనరు దీన్ని ‘ట్రైనింగ్’ అంటున్నారు కదా. చట్టం ఒప్పుకునే ట్రైనింగ్ 1961 అప్రెంటిసెస్ చట్టం కింద ఉంటుంది. మైనరు తరఫున తండ్రో తల్లో సంతకం చేసిన ఒప్పందాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలి. నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. 2019 నిబంధనల్లోనే పది పాసైన వారికి కనీసం 6,000 అని పెట్టారు. అసలు నలుగురు కూడా లేని షెడ్డుకు ఈ చట్టం కింద అప్రెంటిస్‌ను తీసుకునే వీలే లేదు. మరి అప్రెంటిస్ కాకపోతే మీవాడు ఎవరు? పనివాడు. పనివాడైతే కనీస వేతనం ఇవ్వాలి. లెక్క తీస్తే బాకీ పడేది మీరు కాదు, ఆయనే.

పని గంటలు చూస్తే నాకు మనసు కలుక్కుమంది. 14 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లల చేత విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలకు మించి పని చేయించకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు అసలు చేయించకూడదు. బాలకార్మిక చట్టం చెప్పే మాట ఇది.

ఇక స్టాంపు పేపరు. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని బ్రిటిష్ కాలపు అత్యున్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది, కాబట్టి అబ్బాయిని అది కట్టిపడేయలేదు. సంతకం మీది కనుక ఆయన మీ మీద దావా వేస్తానని బెదిరించవచ్చు. వేసినా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో రాసిన అంకె మొత్తం ఇప్పించరు. న్యాయమనిపించిన మేరకే, అదీ ఆ అంకెకు మించకుండా ఇప్పిస్తారు. జీతం సరిగా ఇవ్వని మనిషి కోర్టులో నష్టం ఎలా చూపిస్తారు? చదివి వినిపించకుండా సంతకం తీసుకున్నారన్న సంగతి కూడా మీకు పనికొస్తుంది. ఇకమీదట మాత్రం ‘లెక్క సరిచేద్దాం’ అని పిలిచినా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

రాయగడలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పిల్లల కేసులకు, ఆదాయంతో పని లేకుండా, అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు ఇది. ఫోన్ నంబరు 15100. స్టాంపు పేపరు నకలు అడుగుతూ ఓనరుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం వాళ్లే రాయించగలరు. జిల్లా లేబర్ ఆఫీసర్‌కూ ఒక అర్జీ ఇవ్వండి.

ఐటీఐలో రెండేళ్ల ట్రేడు (కోర్సు) చూసుకోండి. మెకానిక్ మోటార్ వెహికల్ అలాంటిదే, వాడి చేతికి అలవాటైన పనే. 2016లో కుదిరిన ఏర్పాటు వల్ల, పది తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారు ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా మరికొన్ని పేపర్లు రాసి ఇంటర్‌తో సమానమైన సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. చేతిపనీ పోదు, పైచదువు దారీ మూసుకుపోదు.

అబ్బాయి పదో తరగతి ఒరిజినల్ మార్కుల షీటు మీ దగ్గరే ఉందా? షెడ్డులో ఇచ్చి ఉంటే ఆ మాట కూడా అర్జీలో రాయండి.