పదవి పోయిన రీజెంట్ కాగితాలు ఎవరికి కావాలి అంటే, నాకు కావాలి

ఇక్కడ అడిగింది ఏంటంటే, దేశం వదిలి వెళ్ళిపోయిన రాజులు, రీజెంట్ల (అంటే రాజు చిన్నపిల్లాడైతే అతని బదులు పాలించేవాళ్ళ) ఉత్తరాలూ కాగితాలూ యూనివర్సిటీలు ఏళ్ళ తరబడి పెట్టెల్లో దాస్తాయి కదా, వాటివల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా అని.

ఎందుకు లేదండీ, బోలెడంత ఉంది. నన్నడిగితే ఓడిపోయినవాడి కాగితాలే ముందు చదవాలి. గెలిచినవాడి వాదన ఎలాగూ స్కూలు పుస్తకం దాకా వచ్చేస్తుంది, ఓడినవాడి వాదన వినాలంటే మాత్రం ఎవరో ఒకరు వెళ్ళి ఆ పెట్టె తెరవాల్సిందే.

నేను చూసినవి యుగోస్లావియా (ఇప్పటి సెర్బియా, క్రొయేషియా లాంటి దేశాలు అప్పట్లో కలిసి ఉన్న దేశం) రీజెంట్ ప్రిన్స్ పాల్ కాగితాలు. న్యూయార్క్‌లో ఎమ్మెస్ చేస్తున్న రోజులు, కొలంబియా యూనివర్సిటీ బట్లర్ లైబ్రరీలో ఆరో అంతస్తు, బఖ్మెటెఫ్ ఆర్కైవ్ అని రష్యా నుంచీ తూర్పు యూరప్ నుంచీ చెల్లాచెదురైన వాళ్ళ కాగితాలు దాచే విభాగం ఉంది. మా రూమ్మేట్లు "ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవ్వరా అంటే ఎవరో సెర్బియా రాజుగారి ఉత్తరాలు పట్టుకుని కూర్చున్నావేంట్రా" అనేవాళ్ళు. కారణం ఉంది. మాది వైజాగ్. ఏప్రిల్ 6 అంటే మా ఇంట్లో పెద్దవాళ్ళకి జపాన్ వాళ్ళు ఊరి మీద బాంబులేసిన రోజు, 1942లో. సరిగ్గా దానికి ఏడాది ముందు, 1941 ఏప్రిల్ 6నే, జర్మన్లు యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్ మీద బాంబులేశారని ఎక్కడో చదివాను, అక్కణ్ణుంచి ఈ పాల్ అనే మనిషి నన్ను వదల్లేదు.

1934లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో యుగోస్లావియా రాజు అలెగ్జాండర్‌ని కాల్చి చంపారు, కొడుకు పీటర్‌కి అప్పటికి పదకొండేళ్ళు. ముగ్గురు రీజెంట్లని పెట్టారు, వాళ్ళలో అసలు మనిషి చనిపోయిన రాజుగారి బాబాయి కొడుకు పాల్. ఆక్స్‌ఫర్డ్ చదువు, పెయింటింగులంటే ప్రాణం, బెల్‌గ్రేడ్‌లో మ్యూజియం పెట్టించాడు, అంతేగానీ గద్దె కోసం ఎగబడిన మనిషి కాదు. 1941 మార్చి వచ్చేసరికి హంగరీ, రుమేనియా, బల్గేరియా అన్నీ హిట్లర్ వైపు వెళ్ళిపోయాయి, అల్బేనియాలో ఇటలీ సైన్యం, ఇక మిగిలింది గ్రీసు ఒక్కటే, దానికీ యుద్ధం. మీ దేశం మీదుగా మా సైన్యం వెళ్ళదు అని జర్మన్ల దగ్గర రాతపూర్వకంగా మాట తీసుకుని మార్చి 25న పాల్ ప్రభుత్వం వియన్నాలో హిట్లర్ కూటమిలో చేరే ఒప్పందం మీద సంతకం పెట్టింది. 27న సైనికాధికారులు తిరుగుబాటు చేసి ఆయన్ని దింపేశారు, జనం రోడ్ల మీదకొచ్చి ఒప్పందం కంటే యుద్ధమే మేలు అని అరిచారు. పది రోజులకి బాంబులు పడ్డాయి, ఏప్రిల్ 17కి సైన్యం లొంగిపోయింది. కుర్ర రాజూ మంత్రులూ లండన్ చేరారు. పాల్‌ని మాత్రం బ్రిటిష్ వాళ్ళు కెన్యా పట్టుకెళ్ళి నైవాషా సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో పెట్టి కాపలా కాశారు. ఆయన భార్య ఓల్గాకి సొంత చెల్లెలు మరీనా బ్రిటన్ రాజుగారికి మరదలు, అయినా సరే. చుట్టరికం ఏ మూలకీ పనికిరాలేదు.

ఇక ఆ రీడింగ్ రూమ్ సంగతి చెప్పాలి. బ్యాగు, పెన్ను, వాటర్ బాటిల్ అన్నీ బయట లాకర్లో పెట్టి పెన్సిలూ ల్యాప్‌టాప్పూ పట్టుకుని లోపలికి వెళ్ళాలి. ఒకసారికి ఒక్క ఫోల్డరే తియ్యాలి, కాగితాల వరస మారకూడదు. ఎప్పుడో తీసేసిన క్లిప్పు తాలూకు తుప్పు మరక కాగితం మూలన అలాగే ఉంది. ఒక ఉత్తరం మరీ పల్చటి కాగితం, రెండు వైపులా రాసేశారు, వెనక ఇంకు ముందుకి కనిపించి ఒక్క ముక్క అర్థం కాలేదు, ఇక లాభం లేదని పక్కన పెట్టబోతుంటే అక్కడి ఆవిడ వచ్చి ఏమీ మాట్లాడకుండా దాని కింద ఒక నల్ల కాగితం పెట్టింది. వెనక రాత మాయమై ముందు రాత తేలింది. ఆ రోజంతా నల్ల కాగితం జరుపుకుంటూ తేదీల వరసలో చదివాను. చదువుతుంటే తెలిసేది ఏంటంటే, ఏం జరగబోతోందో మనకి తెలుసు, ఆ కాగితాల్లోని మనుషులకి తెలియదు. యూట్యూబ్‌లో పది నిమిషాల చరిత్ర వీడియోలు చేసేవాళ్ళు ఆయన్ని హిట్లర్ తొత్తు అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆరేళ్ళకు పైగా దేశాన్ని యుద్ధం బయట ఉంచిన మనిషిని రెండు రోజులతో కొలుస్తారా? నేను చదివిన ఏ ఫోల్డర్‌లోనూ తొత్తు కనపడలేదు, నిద్ర లేని మనిషి కనపడ్డాడు. 1945లో కమ్యూనిస్టు ప్రభుత్వం యుద్ధ నేరస్థుడని ముద్ర వేసింది, ఆయన 1976లో పారిస్‌లో పోయాడు, 2011లో సెర్బియా కోర్టు ఆ ముద్ర తీసేసింది. బతికున్నప్పుడు మాత్రం ఎవరూ తియ్యలేదు.

మన దగ్గర కాగితాల గతి తల్చుకుంటే ఇంకా బాధ. మా తాతయ్య ఆ బాంబుల టైంలో పోర్టులో గుమస్తా, ఉత్తరాలూ లెక్కల పుస్తకాలూ ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవట. ఇల్లు బాగు చేయించినప్పుడు కేజీల లెక్కన పాత పేపర్ల వాడికి వేసేశారు. ఆ రోజు ఊరు ఎలా ఖాళీ అయిందో, ఎవరు ఏ పల్లెకి పారిపోయారో చెప్పే కాగితం ఒక్కటీ మా ఇంట్లో మిగల్లేదు. రాజుగారివి మాత్రమే చరిత్ర అనుకుంటాం, ఆ అలవాటే మన కొంప ముంచుతోంది. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉన్నవాళ్ళు కనీసం ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టండి, తేదీ కనపడేలా.

న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఉన్నవాళ్ళు వెళ్ళాలనుకుంటే, ముందుగా పేరు రిజిస్టర్ చేసుకుని ఏ పెట్టె కావాలో రిక్వెస్ట్ పెట్టాలి, చాలా పెట్టెలు వేరే చోట నుంచి తెప్పిస్తారు కాబట్టి అప్పటికప్పుడు వెళ్తే దొరకవు. ఐడీ కార్డు మర్చిపోవద్దు. చేతిరాత ఉత్తరాలైతే నల్ల కాగితం ఇవ్వమని అడగండి, ఇస్తారు.