డ్రెస్డెన్ లెక్కలో చేరిన సున్నా

పుస్తకాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 1945లో డ్రెస్డెన్ నగరంపై జరిగిన బాంబు దాడిలో రెండు లక్షల పైచిలుకు జనం చనిపోయారని ఒక పుస్తకంలోనూ, పాతిక వేలని మరొక పుస్తకంలోనూ చదివాను. మొదటిది తాను చెప్పేది "గెలిచినవారు దాచిపెట్టిన నిజం" అని అట్టమీదే చాటుకుంటోంది. ఇంత తేడా ఎలా వచ్చింది? దేన్ని నమ్మాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పాతిక వేలనే నమ్మండి. అయితే ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే మీరడిగిన అసలు సంగతి మిగిలిపోతుంది. ఈ తేడా ఎలా వచ్చిందో దాదాపు పత్రం పత్రంగా చెప్పగలిగేంత స్పష్టంగా ఇప్పుడు తేలిపోయింది.

ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు రెండు విడతలుగా, ఆ తరువాతి రెండు పగళ్లు అమెరికన్ విమానాలు జరిపిన దాడుల్లో నగరం నడిబొడ్డు కాలి బూడిదైంది. శవాలను లెక్కించిన పోలీసు యంత్రాంగం మార్చి 22 నాటికి 20,204 మృతదేహాలు దొరికాయని, మొత్తం 25,000 వరకు ఉండవచ్చని నమోదు చేసింది. ఆల్ట్‌మార్క్ట్ అనే పాత అంగడి కూడలిలో దహనం చేసిన శవాలు 6,865. ఈ అంకెలున్న పత్రంలోనే ఒక్కో సంఖ్య చివర ఒక్కో సున్నా చేర్చగా 2,02,040, 2,50,000, 68,650 అనే కొత్త అంకెలు పుట్టాయి. నాజీ ప్రచార యంత్రాంగం తటస్థ దేశాల పత్రికలకు అందించినవి ఈ స్థాయి సంఖ్యలే. అంటే, గెలిచినవారు దాచారని మీ పుస్తకం చెబుతున్న ఆ అంకె ఓడిపోతున్నవారు తయారుచేసినది.

బ్రిటిష్ రచయిత డేవిడ్ ఇర్వింగ్ 1963లో ఈ దాడిపై వెలువరించిన పుస్తకంలో మృతులు 1,35,000 అని రాశాడు. ఆ తరువాత పైన చెప్పిన దొంగపత్రం ప్రతి చేతికి రాగానే దాన్ని తన పుస్తకపు కొత్త ముద్రణలో చేర్చాడు. 1966లో అసలు పోలీసు నివేదిక బయటపడినప్పుడు లండన్ టైమ్స్ పత్రికకు లేఖ రాసి పొరపాటు ఒప్పుకున్నాడు గాని, తరువాతి ముద్రణల్లో పెద్ద అంకెలను వదులుకోలేదు. ఈలోగా ఆ 1,35,000 అతని పుస్తకం దాటి పోయింది. డ్రెస్డెన్‌లో యుద్ధఖైదీగా ఉండి ఆ దాడి నుంచి బతికి బయటపడిన అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్ 1969 నాటి తన నవలలో ఆ అంకెనే వాడుకున్నారు. ఆ నవల చదివిన లక్షలాది పాఠకులు దాన్ని తిరుగులేని నిజంగానే తీసుకున్నారు. 2000లో లండన్ హైకోర్టులో చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్‌పై ఇర్వింగ్ వేసిన పరువునష్టం దావా వీగిపోయింది. అతను ఆధారాలను ఉద్దేశపూర్వకంగా వక్రీకరించాడని కోర్టు తీర్పు చెప్పింది. అలా వక్రీకరించినవాటిలో డ్రెస్డెన్ లెక్క కూడా ఉంది.

ఇంత జరిగినా అనుమానాలు పోలేదు. నగరంలో తలదాచుకున్న కాందిశీకులను ఎవరు లెక్కించారు, ఆ మంటల వేడికి శవాలు ఆనవాలు లేకుండా పోయి ఉండవా అని జనం అడిగారు. అవి అడగదగిన ప్రశ్నలే. అందుకే 2004లో డ్రెస్డెన్ నగరమే చరిత్రకారుల సంఘాన్ని నియమించింది. శ్మశానాల రికార్డులు, మరణాల నమోదు పుస్తకాలు, తవ్వకాల్లో బయటపడిన నేలమాళిగలు, బతికినవారి వాంగ్మూలాలు అన్నీ పరిశీలించి, మృతులు గరిష్ఠంగా 25,000 అని ఆ సంఘం 2010లో తేల్చింది. నగరం తన మృతులను తగ్గించి చూపుకోవాల్సిన అవసరం ఏముంది? పాతిక వేల ప్రాణాలు చాలవన్నట్టు వాటికి సున్నా చేర్చడం, నా దృష్టిలో, ఆ చనిపోయినవారికి జరిగిన రెండో అన్యాయం.

మీరు చదవవలసిన పుస్తకం ఇంకొకటి ఉంది. డ్రెస్డెన్‌లో మిగిలిన కొద్దిమంది యూదులలో ఒకరైన ఆచార్య విక్టర్ క్లెంపరర్ నాజీల పాలన పొడుగునా రహస్యంగా రాసిన దినచర్యలు 1995లో జర్మన్‌లో వెలువడ్డాయి. ఇంగ్లిష్‌లోనూ దొరుకుతాయి. భార్య యూదురాలు కాకపోవడం వల్ల అంతవరకు ప్రాణాలతో ఉన్న ఆయన, ఫిబ్రవరి 13 పగలు, నగరంలో మిగిలిన యూదుల ఇళ్లకు వెళ్లి తరలింపు ఉత్తర్వులు అందించవలసి వచ్చింది. తన వంతు కూడా ఎంతో దూరం లేదని ఆయనకు తెలుసు. ఆ రాత్రే బాంబులు పడ్డాయి. ఆ గందరగోళంలో యూదులు తప్పనిసరిగా ధరించవలసిన పసుపు నక్షత్రాన్ని కోటు మీది నుంచి తీసేసి, భార్యతో కలిసి తప్పించుకున్నారు. వేలమందిని కాల్చిన నిప్పే ఆయనను బతికించింది. ఈ రెండింటినీ ఒకే రాత్రిలో నిలబెట్టలేని పుస్తకం డ్రెస్డెన్ కథను సగమే చెప్పినట్టు.

ప్రశ్న: యూదుల హత్యాకాండ గురించి చాలా పుస్తకాలు ఉన్నాయి. ఆ యుద్ధంలో జర్మన్ల చేతిలో ఇంత పెద్ద సంఖ్యలో చనిపోయి, అంతగా గుర్తుకురానివారు ఎవరైనా ఉన్నారా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సోవియట్ యుద్ధఖైదీలు. జర్మన్ సైన్యం పట్టుకున్న సుమారు 57 లక్షల మందిలో 33 లక్షల మంది చనిపోయారని జర్మన్ చరిత్రకారుడు క్రిస్టియాన్ స్ట్రైట్ 1978లో లెక్కగట్టారు. కొందరు ఆ సంఖ్యను కాస్త తగ్గించినా ముప్ఫై లక్షల చుట్టూనే ఉంచుతారు. వీరిలో దాదాపు 20 లక్షల మంది 1942 వసంతానికల్లా, చుట్టూ ముళ్లకంచె తప్ప పైకప్పు లేని బయళ్లలో ఆకలితో, చలితో, టైఫస్ జ్వరంతో చనిపోయారు. దుష్కార్యాలన్నీ నాజీ పార్టీ సొంత సాయుధ దళాలైన ఎస్.ఎస్. వేనని, మామూలు సైన్యం చేతులకు మరక లేదని నమ్ముతూ వచ్చిన పశ్చిమ జర్మనీకి స్ట్రైట్ పుస్తకం మింగుడు పడలేదు, ఎందుకంటే ఆ శిబిరాలను నడిపింది మామూలు సైన్యమే. అటు సోవియట్ ప్రభుత్వానికి లొంగిపోయిన సైనికుడంటేనే అనుమానం. 1941 ఆగస్టులో స్టాలిన్ జారీచేసిన 270వ ఉత్తర్వు, లొంగిపోయే అధికారులను ద్రోహులుగా చూసింది. అలా రెండు వైపులా వారిని తలచుకునేవారు లేకపోయారు. జర్మన్ పార్లమెంటు బతికున్న ఖైదీలకు పరిహారంగా కోటి యూరోలు కేటాయించింది 2015లో. అప్పటికి మిగిలినవారు కొన్ని వేలమందే.

ప్రశ్న: బెర్లిన్ పతనం నాటి ఒక అజ్ఞాత స్త్రీ డైరీ చదివి నిద్రపట్టలేదు. అది కల్పితమని ఒక స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కల్పితం కాదు. 1945 ఏప్రిల్ 20 నుంచి జూన్ 22 వరకు రాసిన ఆ డైరీలో, ఎర్రసైనికుల చేతిలో తానూ ఇరుగుపొరుగు స్త్రీలూ పొందిన అత్యాచారాలను ఆమె ఎక్కడా ఏడుపు లేకుండా నమోదు చేసింది. ఇంగ్లిష్ అనువాదం 1954లోనే వచ్చింది. జర్మన్ మూలాన్ని 1959లో జెనీవాలోని ఒక ప్రచురణకర్త వేయగా, జర్మన్ స్త్రీల పరువు తీసిందని విమర్శకులు ఆమెనే నిందించారు. తాను బతికుండగా మళ్లీ అచ్చువేయవద్దని ఆమె పట్టుబట్టింది. 2001లో ఆమె చనిపోయాక, 2003లో మళ్లీ వచ్చిన ముద్రణ విరివిగా అమ్ముడుపోయింది. అప్పుడే మీ స్నేహితుడి అనుమానం లాంటివి పత్రికల్లో మొదలయ్యాయి. ఆమె నోటుపుస్తకాలను అచ్చు ప్రతితో పోల్చిన పరిశోధకులు, ప్రచురణ కోసం ఆమె చాలా చోట్ల పెంచి, తీర్చి రాసిందని చూపారు. కనుక ఇన్నో తారీఖున ఏ మాట అన్నదీ ఆ పుస్తకం నుంచి ఉదహరించేటప్పుడు జాగ్రత్త అవసరం. ఆ అనుభవాన్ని మాత్రం సందేహించనక్కరలేదు. నాటి బెర్లిన్ వైద్యుల, ఆసుపత్రుల రికార్డులు కూడా అదే చెబుతున్నాయి.

ప్రశ్న: నాటి జర్మనీతో హైదరాబాదుకు ఏదైనా సంబంధం ఉందా?
— ఒక విద్యార్థి, నిజామాబాద్

జవాబు: ఉంది. బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న హైదరాబాదీ ఆబిద్ హసన్ అక్కడ సుభాష్ చంద్రబోస్‌కు కార్యదర్శి అయ్యారు. "జై హింద్" అన్న పలకరింపు ఆయన సూచించినదేనని చెబుతారు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జర్మన్ జలాంతర్గామిలో బోస్ వెంట బయలుదేరిన భారతీయుడు ఆయన ఒక్కరే. భారతీయ యుద్ధఖైదీలతో బోస్ ఏర్పరచిన దళం ఐరోపాలోనే ఉండిపోయింది. 1944లో దాన్ని ఎస్.ఎస్. సాయుధ విభాగం కిందికి మార్చారు. మన వ్యాసాల్లో జలాంతర్గామి ప్రయాణానికి దొరికిన చోటు ఆ దళంలోని రెండున్నర వేల పైచిలుకు సైనికులకు దొరకలేదు.