రెండు గంటలకోసారి తినమంటే పళ్ళ సంగతేంటి?

షుగర్ డాక్టర్ కొద్దికొద్దిగా ఆరుసార్లు తినమన్నారు, పళ్ళ డాక్టర్ మాటిమాటికీ తినొద్దన్నారు, ఎవరి మాట వినాలి అని మీరు అడిగారు. ఇద్దరి మాటా వినొచ్చండీ. అది నాకు తెలిసేసరికి రెండు దవడ పళ్ళు పాడైపోయాయి.

రెండో కాన్పుకి ఏడో నెలలో నాకు షుగర్ వచ్చింది. మూడు పూటలా భోజనం, మధ్యలో మూడుసార్లు చిరుతిండి అని చీటీ రాసిచ్చారు. అలాగే తిన్నాను. షుగర్ అదుపులో ఉంది, పాప ఆరోగ్యంగా పుట్టింది. కాన్పయ్యాక షుగర్ తగ్గింది గానీ మాటిమాటికీ తినే అలవాటు పోలేదు. చీటీలోని మొలకలు, గుగ్గిళ్ళు పోయి టీ, బిస్కెట్లు వచ్చాయి. పాలిచ్చే తల్లి ఆకలితో ఉండకూడదని అందరూ అంటుంటే, రాత్రి రెండింటికి పాపకు పాలిచ్చి నేనూ రెండు బిస్కెట్లు తిని అలాగే పడుకునేదాన్ని.

పాపకు ఏడాది నిండేసరికి చల్లనీళ్ళు తగిలితే చాలు, కింది పన్ను జివ్వుమనేది. అమ్మ, అత్తయ్య ఇద్దరిదీ ఒకటే మాట: "కాన్పుకో పన్ను పోతుందే, బిడ్డ కాల్షియం లాగేసుకుంటుంది." నమ్మి ఆరు నెలలు కాల్షియం మాత్రలు మింగాను. ఒక రాత్రి దవడ వాచి నిద్రే లేకపోతే తెల్లారి పళ్ళ డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తాను.

ఆవిడ పన్ను చూశాక నా చేతికి కాగితం ఇచ్చారు. "నిన్న లేచినప్పటి నుంచి నోట్లో ఏమేం పడ్డాయో రాయండమ్మా." ఐదారు ఉంటాయనుకున్నాను. కాఫీ, ఇడ్లీ, పదింటి టీ, పాపకు పెడుతూ మిగిలిన బెల్లం జావ, పెద్దవాడు వదిలేసిన చాక్లెట్ ముక్క... మొత్తం పదమూడు. బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం తీసుకోదని ఆ రోజే తెలిసింది.

తీపిగానీ బిస్కెట్ లాంటి పిండివస్తువుగానీ నోట్లో పడిన ప్రతిసారీ అక్కడి బాక్టీరియా ఆమ్లం తయారు చేస్తుంది. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత సుమారు 5.5 కంటే దిగితే పన్ను పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. దాన్ని మళ్ళీ సర్దడానికి ఉమ్మికి అరగంట నుంచి గంట పడుతుంది. నేను ఆ గంట ఎప్పుడిచ్చాను? నిద్రలోనైతే ఉమ్మి ఊరడమే బాగా తగ్గిపోతుంది.

స్వీడన్‌లో 1940ల్లో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో మానసిక వైకల్యం ఉన్నవాళ్ళకు జిగురు టాఫీలు తినిపించి ఇదే తేల్చారు. భోజనంతో పాటు తిన్న చక్కెర కంటే, భోజనాల మధ్య తిన్న జిగురు తీపే పళ్ళను ఎక్కువ పుచ్చించింది. నోరులేని వాళ్ళ మీద అలా చేయడం ఘోరం. అంత బాధ పెట్టి తెలుసుకున్న విషయాన్ని మనకు చెప్పేవాళ్ళు లేకపోవడం ఇంకో అన్యాయం. గర్భిణికి డైట్ చీటీ రాసేవాళ్ళు కింద పళ్ళ గురించి ఒక్క వాక్యం రాస్తే ఏం పోతుంది? వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకూడదని, ముందు నీళ్ళతో పుక్కిలించాలని కూడా నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడూ నేను ఐదుసార్లు తింటాను. మధ్యలో తినేవి మాత్రం ఉడికించిన గుడ్డు, పల్లీలు, గుప్పెడు శనగలు. తీపి తినాలనిపిస్తే భోజనంతోనే. టీ గంటసేపు చప్పరించకుండా ఒక్కసారే తాగేసి నీళ్ళు పుక్కిలిస్తాను. రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకున్నాక మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను. మీరు ఇన్సులిన్ వాడుతుంటే మాత్రం డాక్టర్ని అడగకుండా ఏ పూటా మానేయకండి. ఎన్నిసార్లు తినాలో షుగర్ డాక్టర్ని అడగండి, మధ్యలో ఏం తినాలో పళ్ళ డాక్టర్ని అడగండి.

మా చెల్లికి ఇప్పుడు ఐదో నెల. అమ్మ దానికీ "కాన్పుకో పన్ను" అని మొదలుపెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ వైద్యం చేయించకూడదని ఇంకొకరు భయపెట్టారు. డాక్టరమ్మని అడిగితే ఈ నెలల్లో నిక్షేపంగా చేయించుకోవచ్చన్నారు. సోమవారం నేనే తీసుకెళ్తున్నాను.